బాపు హోడిలో చోటు

నల్లా నీళ్లు వచ్చే రోజు కాబట్టి బీడీ కార్మికుల కాలనీ విడీ ఘర్కుల్‌లో తెల్లవారకముందే బిందెల చప్పుడు మొదలైంది. యశోద రెండు డ్రమ్ములూ నింపుకుని, వాకిట్లో చాప పరుచుకుని, రాత్రి తడిపి పెట్టిన తునికాకు కత్తిరించడానికి కూర్చుంది. ఎదురుగా, ఇంటి ముందరి ఖాళీ జాగాలో, నాలుగు ఇటుక దిమ్మెల మీద వాళ్ల నాయన పడవ ఉంది.

సోలాపూర్‌లో అందరిలాగే వాళ్లింట్లోనూ దాన్ని హోడి అనే అంటారు. పదిహేను అడుగుల టేకు హోడి. ఎప్పుడో మిల్లు సాహెబులు చెరువు మీద షికారు కోసం చేయించుకున్నది. మిల్లులో మగ్గాలు చూసే యశోద నాయన గంగాధర్, ఆదివారాలు వాళ్లకు తెడ్లు వేసేవాడు. మిల్లు మూతబడ్డాక దాన్ని పట్టించుకునేవాళ్లు లేకపోతే మేనేజరే "నువ్వు తీసుకపో" అన్నాడట. అప్పటినుంచి అది గంగాధర్‌ది.

ఈసారి వానలకు చెరువు నిండింది. దసరా ముందరి ఆదివారం పడవల ఊరేగింపు పెడుతున్నారని, పాత పడవలకు ముందు వరుస ఇస్తారని తెలిసిన రోజునుంచి డెబ్బై నాలుగేళ్ల గంగాధర్‌కు నిద్ర లేదు. కొడుకుతో కలిసి ఉండే జోడ్‌భావి పేట్ ఇంట్లో పవర్‌లూమ్‌ల మధ్య మనిషి తిరగడానికే చోటు లేదు. అందుకని హోడిని టెంపోలో ఎక్కించి కూతురి ఇంటి ముందర దించాడు. నెల రోజులు రోజూ వచ్చి, పలకల సందుల్లో కొడుకు మగ్గం దగ్గరి నూలు కూరి, పైన డాంబరు పూశాడు. ఆ నెల రోజులూ యశోదకు పండగలాగే గడిచింది. చాయ్ ఇచ్చేది, నూలు పేని అందించేది. నాయన పక్కన అంతసేపు కూర్చోవడం ఆమె నలభై మూడేళ్ల జీవితంలో అదే మొదలు.

తొమ్మిదింటికి స్కూటీ ఆగింది. నడుపుతున్నది తమ్ముడు ఓంకార్ పెళ్లాం ఋతుజ. వెనక గంగాధర్.

"వదినా, పేర్లు ఇచ్చి వచ్చినం," అంది ఋతుజ హెల్మెట్ తీస్తూ. "నలుగురికి చోటు ఉంది గాని మేం ముగ్గురివే ఇచ్చినం. మామ, ఆయన తెడ్లు వేస్తరు. నేను సుక్కాని పట్టుకుంట."

యశోద చేతిలో కత్తెర ఆగింది. "సుక్కాని నువ్వా?"

"మామ నేర్పుతుండు కదా, పది రోజులనుంచి. తలావ్ దగ్గర చేపలు పట్టే కోళీలు వాళ్ల హోడి ఇస్తున్నరు."

పది రోజులు. ఇక్కడ పని ముగించుకుని నాయన సాయంత్రాలు తొందరగా ఎందుకు వెళ్తున్నాడో ఇప్పుడు అర్థమైంది యశోదకు.

గంగాధర్ ఓ పుల్ల తీసుకుని మట్టిలో గీత గీశాడు. "ఇగో చూడు బిడ్డా, గాలి ఇటుంటే నువ్వు సుక్కాని అటు తిప్పాలె. గుంజొద్దు. మెల్లగ నూకాలె." ఋతుజ మోకాళ్ల మీద కూర్చుని శ్రద్ధగా వింటోంది. నాందేడ్‌లో నది ఒడ్డున పెరిగిన పిల్ల, ఈత వచ్చు, భయం లేదు.

బిడ్డా అన్నాడు. యశోద తల వంచుకుని ఆకు కత్తిరించింది. ఆకు వంకర పోయింది.

వెళ్లేముందు గంగాధర్ హోడి మీద చెయ్యి వేసి కూతుర్ని పిలిచాడు. "యశోదా, ఇగ నీదే పని. టేకు నీళ్లు తాగితేనే పలకలు బిగుస్తయి. ఎండితే సందులు నోరు తెరుస్తయి. పైన గోనెలు కప్పిన. దినాం నాలుగు సార్లు నీళ్లు పొయ్యి. శనివారం పొద్దుగాల తలావ్‌ల దించి చూస్తం."

"సరే బాపూ."

"వదినా, ఆదివారం నాడు అందరికి కడక్ జొన్న భాకరీలు, పల్లీల శేంగా చట్నీ నువ్వే తేవాలె," అంది ఋతుజ నవ్వుతూ. "మాకు వండే టైమ్ ఉండది."

ఆ మాటలో తప్పేమీ లేదు. ఆ సంగతి యశోదకూ తెలుసు. అయినా స్కూటీ మలుపు తిరిగేదాకా ఆమె మళ్లీ కత్తెర పట్టలేదు.

యశోదకు పదేళ్లప్పుడు ప్రతి ఆదివారం నాయన సైకిల్ ముందర ఓంకార్‌ను కూర్చోబెట్టుకుని చెరువుకు పోయేవాడు. ఒకనాడు ఆమె గడప దగ్గర నిలబడి, "నేనూ వస్త బాపూ," అంది. "ఆడపిల్లవు, హోడిల నీకేం పని?" అన్నాడు ఆయన, సైకిల్ ఎక్కుతూనే. ఆ తర్వాత ఆమె మళ్లీ అడగలేదు. అమ్మ పక్కన కూర్చుని బీడీలు చుట్టేది. సాయంత్రం తమ్ముడు తడి చెడ్డీతో ఉరికొచ్చి, బాపు ఇయ్యాల నాకు సుక్కాని ఇచ్చిండు అని చెప్తే వినేది. ఆ తమ్ముడి పెళ్లాం కూడా ఆడపిల్లే. మరి ఆమెకు హోడిలో పనెక్కడిది?

మొదటి రోజు రెండుసార్లు నీళ్లు పోసింది. మూడోసారి బకెట్ నింపి, వాకిట్లోకి వచ్చి, హోడి వెనక భాగాన్ని చూసింది. ఋతుజ కూర్చునే చోటు అది. బకెట్ తీసుకెళ్లి మళ్లీ డ్రమ్ములో పోసేసింది.

రెండో రోజు అసలు ముట్టలేదు. అక్టోబర్ ఎండ సోలాపూర్‌ను పెనం మీద పెట్టినట్టు కాల్చింది. మూడో రోజు మధ్యాహ్నం గోనె ఎత్తి చూస్తే సందులో నూలు ఎండి, వేలు పెడితే కదులుతోంది. ఆమెకు భయం వేసింది. ఆ భయం కింద చిన్న సంతోషం కూడా ఉంది. దాన్ని చూడకూడదన్నట్టు గబుక్కున గోనె కప్పేసింది.

భర్త ఆంజనేయులు మగ్గాల మెకానిక్కు. ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. సాయంత్రం కాళ్లు కడుక్కుంటూ, "డ్రమ్ము నిండుగనే ఉంది. గోనెలు ఎండినయేంది?" అన్నాడు.

"పోస్త. బీడీలు ఇచ్చేది ఉండె, చెయ్యి ఖాళీ లేదు."

"మామ నీ మీద ఇడిసి పెట్టిండు," అన్నాడు అతను. కాళ్లు తుడుచుకుని లోపలికి వెళ్లాడు.

మర్నాడు, శనివారం తెల్లవారుజామున, టెంపో రాకముందు, ఆమె నాలుగు చెంబుల నీళ్లు తెచ్చి గోనెల మీద చల్లింది. పైకి చూస్తే తడిగానే కనబడ్డాయి. గంగాధర్ వచ్చి గోనె మీద అరచెయ్యి పెట్టి, "శాబాష్ బిడ్డా," అన్నాడు. చూపు సరిగ్గా ఆనదు కాబట్టి ఆయన సందులు వెతికి చూడలేదు.

చెరువు గట్టు మీద అప్పటికే జనం ఉన్నారు. నలుగురు కోళీలు పట్టుకుని హోడిని నీళ్లలోకి దించారు. ఓంకార్, గంగాధర్ తెడ్లు అందుకున్నారు. ఋతుజ చీర కుచ్చిళ్లు దోపుకుని వెనక కూర్చుంది. గట్టు మీద ఎవరో చప్పట్లు కొట్టారు. హోడి ముక్కు తిప్పుకుని ముందుకు సాగితే చూడముచ్చటగా ఉంది. యశోద చూడలేక చేతిలోని చాయ్ థర్మాస్ మూత తిప్పుతూ నిలబడింది.

కొంచెం దూరం పోయేసరికి ఓంకార్ తెడ్డు ఆపి కిందికి చూశాడు. తర్వాత గంగాధర్ వంగాడు. దోసిళ్లతో నీళ్లు తోడుతున్నారు. ఋతుజ సుక్కాని తిప్పింది. హోడి బరువెక్కి మెల్లగా ఒడ్డు వైపు వస్తోంది. నడుములోతు నీళ్ల దగ్గర గంగాధర్ లేచి నిలబడబోయి, కాలు జారి, వెల్లకిలా నీళ్లలో పడ్డాడు.

"బాపూ..." యశోద చేతిలో చాయ్ థర్మాస్ కింద పడింది. ఆమె పరిగెత్తి మోకాళ్ల లోతుకు వెళ్లేలోపే ఋతుజ దూకి, మామ తల పైకెత్తి, చంకల కింద చేతులు వేసి ఒడ్డుకు లాక్కొచ్చింది. ఆయన రెండుసార్లు దగ్గాడు. "ఏం కాలే, ఏం కాలే," అన్నాడు.

ఓంకార్ కోపమంతా పెళ్లాం మీద పడింది. "దించంగనే రాయికి కొట్టినవు. నేను చూసిన. జర కంట్రోల్ లేదు నీకు."

"రాయికి తగల్లేదు," అంది ఋతుజ. "మామని అడగండి."

"మరి నీళ్లెట్ల వచ్చినయ్? ఊరంత చూస్తుంటే ఇజ్జత్ పాయె."

ఊరేగింపు పెట్టిన కమిటీ మనిషి ఒకతను వచ్చి, మరాఠీలో మర్యాదగానే చెప్పాడు. ఇలా నీళ్లెక్కే పడవను రేపు పంపించలేం, ఇంకో ఏడు చూద్దాం అని. ఋతుజ తల తిప్పుకుని కొంగుతో ముఖం తుడుచుకుంది.

గంగాధర్ రాతి మీద కూర్చున్నాడు. తన రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని వాటినే చూస్తున్నాడు. "పిల్లనేం అనకురా," అన్నాడు కొడుకుతో. "రాయి గీయి ఏం లేదు. నూలు నేనే కూరిన. ఈ చేతులల్ల పని పోయింది. ముసలోన్ని అయిన గాని ఒప్పుకోలే."

ఇంకో ఏడు అనేది ఆయనకు ఉందో లేదో. ఆ చేతులు అరవై ఏళ్లు నూలుతోనే బతికాయి. యశోద ఇక ఊరుకోలేకపోయింది.

"నీ చేతులకేం కాలే బాపూ," అంది. "నేను నీళ్లు పొయ్యలే."

ఎవరికీ అర్థం కాలేదు.

"రెండు దినాలు అసలే పొయ్యలే. పొద్దున పై నుంచి చల్లిన, నీకు తెల్వకుండ."

"నల్లా రాలేదా వదినా?" ఋతుజ అడిగింది. తప్పించుకోవడానికి దారి ఆమే చూపించింది. ఒక్క తల ఊపితే చాలు.

"వచ్చింది. డ్రమ్ములు నిండ ఉన్నయి. మనసు రాలే నాకు."

ఓంకార్ ముందుకొచ్చాడు. "అక్కా, నీకు మతి ఉందా? బాపు మునిగితే?"

"నువ్వు మాట్లాడకు," అంది యశోద. "నువ్వు ప్రతి ఐతవారం పోయినవు. నేను ఒక్కసారి అడిగిన, పదేండ్లప్పుడు. ఆడపిల్లకు హోడిల ఏం పని అన్నడు బాపు. సరే అనుకున్న. ముప్పై ఏండ్లు అనుకున్న. ఇప్పుడు ఆమెకు మట్టిల గీతలు గీసి నేర్పుతున్నడు, నా వాకిట్ల, నా ముందట. నాకేమో భాకరీలు తెమ్మని చెప్తరు. నెల దినాలు నూలు పేని ఇచ్చింది నేను బాపూ. ఒక్కసారన్న నువ్వూ రా యశోదా అనలే. నాలుగో పేరు ఖాళీ ఉంటే గూడ అనలే."

చుట్టూ ఉన్న కోళీలు తెలుగు రాకపోయినా పక్కకు తప్పుకున్నారు.

గంగాధర్ తడిసిన చొక్కా అంచు పిండాడు. కూతురి వైపు చూడకుండానే మాట్లాడాడు.

"నువ్వు అడిగింది యాదుంది. గడపల నిలబడ్డవు. ఆడపిల్లను హోడిల తిప్పితే మిల్లుల నలుగురు నవ్వుతరని భయపడ్డ. గదే. ఇంకేం కారణం లేదు." చెరువు వైపు చెయ్యి చూపించాడు. "ఇప్పుడు నాకు దూరం కనవడది. సుక్కాని పట్టేటోళ్లు కావాలె. కోడలు తనే నేర్పు మామా అన్నది, నేర్పిన. నిన్ను ఎట్ల పిలువాలె? నాడు వొద్దన్నోణ్ని, ఇయ్యాల నాకు అవసరం పడితే రమ్మంటే, ఏ మొకం పెట్టుకోని అడగాలె బిడ్డా?"

యశోద ఆయన కాళ్ల దగ్గర కూలబడింది. ఇన్నేళ్లూ నాయన ఆ మాట మర్చిపోయాడనే అనుకుంది. మర్చిపోకుండా మోస్తున్నాడని ఏనాడూ తోచలేదు. ఆయన తడి చెయ్యి ఆమె నెత్తి మీద పడింది. ఇద్దరూ ఏడ్చారు.

ముందుగా తేరుకున్నది ఋతుజ. హోడి దగ్గరికి పోయి సందులు తడిమి చూసింది. "మామా, ఇప్పటినుంచి నీళ్లల్లనే ఉంచితే? రేపు సాయంత్రానికి ఎంత బిగుస్తది?"

"సగం బిగుస్తది. సగం కారుతది."

"కారింది తోడేటోళ్లు ఉంటే?"

ఋతుజే పోయి కమిటీ మనిషితో మరాఠీలో అరగంట వాదించింది. అందరూ లైఫ్ జాకెట్లు వేసుకోవాలి, నీళ్లు తోడటానికే ఒక మనిషి ఉండాలి, గట్టు వెంబడే పోవాలి అని ఒప్పుకున్నాడు. నాలుగో పేరు రాయమంటే ఆమె వెనక్కి తిరిగి, "వదినా, ఇంటిపేరు మీ అత్తగారిది చెప్పాల్నా, మనదా?" అని అడిగింది. ఆమె గొంతులో నవ్వు లేదు.

ఆ పగలూ రాత్రీ హోడి నీళ్లలోనే ఉంది. ఆదివారం సాయంత్రం నాలుగింటికి పద్నాలుగు పడవలు వరుసలో నిలబడ్డాయి. రంగు కాగితాలు, ఝెండాలు, ఒకదాని మీద బ్యాండు. అన్నిటికంటే ముందు గంగాధర్ హోడి. దానికి కట్టింది ఓంకార్ మగ్గం మీద నేసిన ఎర్రంచు టవళ్లు మాత్రమే.

యశోద హోడి అడుగున గొంతుకూర్చుంది. నూనె డబ్బా కోసి చేసిన దానితో నీళ్లు తోడి పారబోస్తోంది. సందుల్లోంచి సన్నగా ఊరుతూనే ఉన్నాయి. తను పోయని నీళ్లన్నీ ఇప్పుడు తోడుతున్నట్టుంది ఆమెకు. గట్టు మీద జనం ఫోన్లు ఎత్తి ఋతుజనే తీస్తున్నారు. అడుగున వంగిన మనిషి ఎవరికీ కనబడదు. మళ్లీ ఆ పాత మంట చురుక్కుమంది. ఇది ఒక్క రోజులో పోయేది కాదని ఆమెకు అర్థమైంది. డబ్బా ముంచి ఇంకోసారి తోడింది.

"యశోదా, నీళ్లెట్లున్నయ్?" తెడ్డు వేస్తూ అడిగాడు గంగాధర్.

"తగ్గినయ్ బాపూ. నువ్వు కొట్టు."

సగం దూరం దాటాక ఋతుజ, "వదినా, ఇట్ల రా. నా చెయ్యి గుంజుతుంది," అంది.

"వొద్దు. ఇంతమంది చూస్తున్నరు. వంకర పోతది."

"పోనీ," అన్నాడు గంగాధర్. "నలుగురు చూస్తరని ఒకసారి భయపడి చెడిన. పట్టు బిడ్డా."

ఇద్దరూ చోటు మార్చుకున్నారు. ఋతుజ డబ్బా అందుకుంది. యశోద చేతికి సుక్కాని కర్ర తగిలింది. గుంజింది. హోడి పక్కకు తిరిగి వెనకాల బ్యాండు పడవకు అడ్డం పోయింది. "గుంజకు, నూకు, మెల్లగ," అన్నాడు నాయన. నూకింది. కాసేపటికి ముక్కు మెల్లగా సర్దుకుని గట్టు వెంబడి తిరిగింది. యశోద కళ్లలో నీళ్లు నిండి దారి మసకబారింది. తుడుచుకోవడానికి చేతులు ఖాళీ లేవు.

ఊరేగింపులో బాగున్న పడవకు ఇచ్చే బహుమతి వేరేవాళ్లకు పోయింది. ఒడ్డున దిగాక గంగాధర్ కూతురి భుజం పట్టుకుని నిలబడ్డాడు. "వచ్చే ఐతవారం పొద్దుగాల ఆరింటికి రా. గాలి ఉండది. మొదటినుంచి నేర్పుత."

ఆయనా ఓంకారూ తెడ్లు తీసుకుని ముందు నడిచారు. ఋతుజ తడి కొంగు పిండుకుంటూ వెనక ఉండిపోయింది. యశోద ఆమె దగ్గరికి వెళ్లింది.

"నీ మీద పగ పెట్టుకోని చేసిన ఋతుజా. నువ్వు ఏం తప్పు చెయ్యలే. మాఫ్ చెయ్యి."

ఋతుజ కొంగు పిండటం ఆపింది. "నాకు కోపం ఉంది వదినా. అబద్ధం ఎందుకు చెప్పాలె. పోవడానికి టైమ్ పడ్తది."

"పడనీ."

"గాని ఆదివారం స్కూటీ మీద మీ ఇంటి మీదుగనే వస్త. ఆరింటికి కాదు, అయిదున్నరకే తయారుండు," అంది ఋతుజ. యశోద చేతిలోని బరువైన లైఫ్ జాకెట్లలో రెండు తను తీసుకుని గట్టు ఎక్కింది.