లారీని దాటని బండి

డ్రైవింగ్ స్కూలు మాస్టారు డిటెక్టివ్‌గారి ఆఫీసులోకి వచ్చేసరికి తలపైన ఫ్యాను గిర్రున తిరుగుతోంది. అయినా అతని చొక్కా తడిసి ముద్దయి ఉంది. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"మా అన్నయ్యని నేను చంపానో లేదో మీరు తేల్చి చెప్పాలి సార్," అన్నాడు.

టైపిస్టు చేతులు మీటల మీద ఆగిపోయాయి. పేరుకు టైపిస్టే గానీ, పదేళ్లుగా డిటెక్టివ్‌గారికి కుడిభుజం ఆవిడే. ఆయన దగ్గినా అందులో ఏదో ఆధారం ఉందనుకునే మనిషి.

మాస్టారు చెప్పిన సంగతి ఇది. అన్న ఒక పాత కారు కొందామనుకున్నాడు. వదిన స్కూలు యూనిఫారాలు కుడుతుంది. ఆ మూటలు పట్టాలి, పెట్రోలు తక్కువ తాగాలి అని ఆవిడ పట్టు. నడుపుతుంటే కాస్త హుషారు పుట్టాలని అన్న సరదా. ఇద్దరి మాటా నెగ్గేలా మాస్టారు వెతికి వెతికి ఒక బండిని పట్టాడు. వెనక కావలసినంత చోటు, ఇంజనుకు మంచి ఊపు. వదిన మెడలోని టేపు తీసి డిక్కీ కొలిచి, కొలతలు చీటీ మీద రాసుకుని సరేనంది. ట్రయల్లో అన్న ఒక లారీని ఇట్టే దాటేసి చిన్నపిల్లాడిలా నవ్వాడు. వెనక సీట్లో వదిన మాత్రం కళ్లు గట్టిగా మూసుకుని కూర్చుంది.

బండి ఇంటికొచ్చిన పదకొండో రోజున అన్న ఇంకో లారీని దాటబోయి ఎదురుగా వచ్చిన బస్సును గుద్ది చనిపోయాడు. అతివేగం అని పోలీసులు రాశారు. అలాంటి బండి కొనిపించింది వీడేనని తల్లి రెండు నెలలుగా చిన్నకొడుకు మొహం చూడలేదు.

డిటెక్టివ్‌గారు ముందు లారీ డ్రైవర్ని పట్టుకున్నారు. "దాటడానికి బోలెడు చోటుంది సార్. ఆ కారే నా పక్కన ఉండిపోయింది, ఎంతకీ ముందుకు పోలేదు," అన్నాడతను. తర్వాత పోలీసుల ఆవరణలో పడి ఉన్న కారు లోపల ఆయన అరగంట బోర్లా పడుకున్నారు. లేచేసరికి చేతిలో మందపాటి రబ్బరు దిమ్మ ఉంది. యాక్సిలరేటరు పూర్తిగా కిందికి దిగకుండా దాని కింద ఎవరో బిగించారు. హంతకుడు దొరికినట్టేనని టైపిస్టు పొంగిపోయింది.

అన్న బండి కొన్న పాత కార్ల షెడ్డులో ఒక పద్ధతి ఉంది. అమ్ముడైన ప్రతి బండి స్టీరింగుకూ ఒక అట్ట వేలాడదీస్తారు. కొన్నవాళ్లు తమకు కావలసినవి దాని మీద రాస్తారు. మెకానిక్కు అవన్నీ చేసేసి అట్ట పారేస్తాడు. ఎవరు రాశారు, ఎందుకు రాశారు అని అడగడు. "దూకుడు తగ్గించమని రాసుంది, తగ్గించాను," అని అతను నీళ్లు నమిలాడు.

వదినను కూడా కలిశారు. బండి ఇంటికి వచ్చే ముందురోజు డిక్కీ కొలుచుకోవడానికి ఒక్కదాన్నే షెడ్డుకు వెళ్లానని ఆవిడ మాటల మధ్యలో చెప్పింది. టైపిస్టు దాన్ని మామూలుగా రాసుకుంది.

ఆదివారం ఉదయం అందరూ వదినగారింట్లో, కుట్టుమిషన్ల గదిలో కూర్చున్నారు. సగం కుట్టిన చొక్కాలు కుప్పగా పడి ఉన్నాయి. తల్లి చెయ్యి కోడలి భుజం మీద ఉంది. మాస్టారు గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. మెకానిక్కు గోడకు ఆనుకున్నాడు.

డిటెక్టివ్‌గారు రబ్బరు దిమ్మను బల్ల మీద పెట్టారు. చనిపోయినాయన ప్రాణం తీసింది వేగం కాదనీ, వేగం అందకపోవడమేననీ చెప్పారు. ట్రయల్లో చూసిన ఊపును నమ్మి ఆయన లారీ పక్కకు వచ్చాడు. అవసరమైన క్షణంలో పెడల్ కిందికి దిగలేదు.

"డిక్కీని మొదటి రోజే కొలిచి చీటీ రాసుకున్నారు," అన్నారాయన, గొంతు తగ్గించి. "మరి రెండోసారి ఎందుకు వెళ్లారమ్మా?"

టైపిస్టుకు పదేళ్లలో మొదటిసారి, ఈయన లెక్క తప్పితే బాగుండునని అనిపించింది.

"నాకు భయమేసింది. మెల్లగా వెళ్తే చాలనుకుని అట్ట మీద రాశాను," అంది వదిన. "బండి మునుపటిలా లాగట్లేదేంటని ఒకసారి అన్నారు. విని లోపల సంతోషించాను. పోలీసులు స్పీడన్నాక, అయినా ఆయన వినలేదే అని ఏడ్చాను."

తల్లి చెయ్యి భుజం మీంచి జారింది. మెకానిక్కు తల దించుకున్నాడు.

మాస్టారు పరుగున వచ్చి డిటెక్టివ్‌గారి చేతులు పట్టుకున్నాడు. రెండు నెలలుగా మోసిన నింద దిగిపోయిన మనిషి మొహంలా లేదది.

"మీ లెక్క తప్పిందని చెప్పండి సార్. నా వల్లేనని చెప్పండి. నాకు అలవాటైపోయింది, వదిన తట్టుకోలేదు. అమ్మ మీ మాట నమ్ముతుంది."

డిటెక్టివ్‌గారు నోరు తెరిచారు. అప్పటికే తల్లి లేచి, ఎవరి వంకా చూడకుండా లోపలి గదిలోకి వెళ్లి గడియ పెట్టుకుంది.