ఫారంలో లేని ప్రశ్న

మొదటిరోజే నన్ను ‘సార్’ అని పిలిచి, అయిదు నిమిషాల్లో ఆ గౌరవం గాలికి వదిలేసిన అమ్మాయి గంగాభవాని.

నేను జడ్సన్. నెల్లూరులో ఒక మెడికల్ కాలేజీ ఆస్పత్రిలో రేడియాలజీ టెక్నీషియన్ని. ఆ రోజు ప్రొఫెసర్‌గారు రాలేదు. ఫస్టియర్ వాళ్ళకు మిషన్లు చూపించే పని నా మీద పడింది.

“ఎక్స్‌రే అంటే నీడ. కిరణాల్ని ఎముక ఆపుతుంది, అందుకే తెల్లగా కనిపిస్తుంది. ఇనుమైతే ఇంకా తెలుపు. సీటీ కూడా ఎక్స్‌రేనే. చుట్టూ తిరిగి తీసి, బ్రెడ్డు ముక్కల్లాగా ఒంటిని పొరలు పొరలుగా చూపిస్తుంది.”

“వంజరం చేప ముక్కలంటే ఇంకా బాగా అర్థమవుద్ది సార్,” అంది వెనకనుంచి భవాని.

అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. కాబోయే డాక్టర్ల ముందు టెక్నీషియన్ కాస్త బిగుసుకునే ఉండాలి.

“అల్ట్రాసౌండ్‌లో శబ్దం పంపిస్తాం. అది లోపల తగిలి తిరిగొస్తుంది, దాన్నిబట్టి బొమ్మ వస్తుంది. ఇలాంటిది మీరెక్కడా చూసుండరు.”

“మా పడవలోనే ఉండాది సార్. ఫిష్ ఫైండర్. మా ఊరు మైపాడుకి రండి, చూపిస్తా. మా నాయన చేపలకి మీకన్నా బాగా స్కానింగ్ తీస్తాడు.”

మళ్ళీ నవ్వులు. ఎమ్మారై గది దగ్గర మాత్రం ఎవరూ నవ్వలేదు. అది పెద్ద అయస్కాంతమనీ, లోపల ఎవరూ లేనప్పుడు కూడా లాగుతూనే ఉంటుందనీ, కత్తెర తీసుకెళ్తే చేతిలోంచి ఎగిరిపోతుందనీ చెప్పాను.

సాయంత్రం బస్సులో ఫిష్ ఫైండర్ గురించి ఫోన్‌లో వెతికాను. ఆ పిల్ల చెప్పింది అక్షరాలా నిజం. కోపం పోయింది. దాని బదులు వచ్చిందేమిటో నాకు తెలుసు, కానీ ఒప్పుకోవడానికి మూడు నెలలు పట్టింది. ఆ మూడు నెలలూ ఏదో ఒక డౌటుతో ఆమె మా డిపార్ట్‌మెంట్‌కి వస్తూనే ఉంది.

ఒకరోజు వాళ్ళ నాన్న మస్తానయ్యను తీసుకొచ్చింది. నడుము నొప్పి, కాలు తిమ్మిరి. ఎమ్మారై రాశారు. ఫారం భవానే నింపింది. ‘ఒంట్లో లోహం ఉందా?’ అన్నచోట ‘లేదు’ అని టిక్ పెట్టింది. రాడ్లు లేవు, ప్లేట్లు లేవు, ఆపరేషనే జరగలేదు.

ఆయన ఎడమ కంటి మూల చిన్న మచ్చ ఉంది.

“ఇదేంది పెద్దాయనా?”

“గాలం అబ్బయా. పన్నెండేళ్ళప్పుడు మా చిన్నాయన విసిరింది నాకు తగిలింది. మా అమ్మ పసుపద్దింది, మానిపోయింది.”

“గాలం మొత్తం వచ్చిందా?”

“మొన విరిగింది. యాడో పడుంటదిలే.”

“ముందు కంటికి ఎక్స్‌రే తీయాలి,” అన్నాను.

భవాని ముఖం ఎర్రబడింది. “నలభై ఏళ్ళనాటి మచ్చకా? పది రోజులు తిరిగితే దొరికింది ఈ టైము! మా ఊళ్ళో గాలం గుచ్చుకోనోడు ఎవురుండారు? అందరికీ తీస్తారా?”

“ఇక్కడికొస్తే తీస్తా.”

“ఆ రోజు నలుగురిని నవ్వించినాననేగా ఇదంతా?”

ఆ మాటకు నిజంగా బాధేసింది. ఆ టిక్ నమ్మి పంపిస్తే ఆమెకు మంచివాణ్ణి. ఆపితే పగబట్టినవాణ్ణి. కానీ మొన లోపలుంటే అయస్కాంతం దాన్ని కదిలిస్తుంది, ఆయన కన్ను పోవచ్చు. ఎమ్మారై తలుపు మూసేసి డాక్టర్‌గారికి ఫోన్ చేశాను. ఆయన ఎక్స్‌రేకి సరేనన్నారు.

బొమ్మలో కంటి గుంట లోపల వడ్లగింజంత వంకర గీత. ఎముకకన్నా తెల్లగా ఉంది. నేనేమీ చెప్పక్కర్లేకపోయింది.

“టిక్ పెట్టింది నేనే,” అని భవాని కుర్చీలో కూలబడి ఏడ్చింది.

ఎమ్మారై మానేసి నడుముకి సీటీ తీశారు. డిస్కు జారింది. మందులు, విశ్రాంతి చాలన్నారు.

రెండు నెలల తర్వాత మస్తానయ్యే ఫోన్ చేశాడు. “ఫిష్ ఫైండర్ చూద్దువు రా అబ్బయా.”

వాళ్ళింట్లో ఆడవాళ్ళు వేట పడవ ఎక్కరు. భవాని ఒడ్డునే ఉండిపోయింది. సముద్రంలోకి వెళ్ళాక ఫిష్ ఫైండర్ తెర చూసి “పెద్ద చేపల గుంపు!” అన్నాను. “అది అడుగు నేల అబ్బయా,” అని ఆయన ఇంజను ఆపేశాడు.

“ఆ రోజు నన్ను అన్నీ అడిగినావు. ఇప్పుడు నేనడుగుతా. మా పిల్ల రోజుకి పదిసార్లు నీ పేరెత్తుతాండాది. తాగుతావా?”

“లేదు.”

“దాని చదువు ఆపిస్తావా?”

“ఆపను.”

“మీది చర్చి, మాది గుడి.”

“ఎవరి చోటికి వాళ్ళు వెళ్ళొచ్చి ఒకచోట అన్నం తింటాం.”

“లోపల దాచిపెట్టింది ఏమన్నా ఉండాదా?”

ఈదుకుంటూ పారిపోదామంటే నాకు ఈత రాదు. “ఉంది. మీ అమ్మాయంటే ఇష్టం,” అన్నాను.

ఆయన ఇంజను వేసి పడవని ఒడ్డుకి తిప్పాడు.

ఒడ్డుకొచ్చేసరికి చినుకులు మొదలయ్యాయి. భవాని ఎదురొచ్చింది. “నాయన ఏమడిగినాడు?”

“ఫారం నింపించాడు. నువ్వంటే ఇష్టమని చెప్పాను.”

“నాకు చెప్పకుండా నాయనకా?”

“ఆయన అడిగాడు. నువ్వడగలేదు.”

“నాకూ ఇష్టమే. నేను అంత మాటన్నా ఆ ఎమ్మారై తలుపు మూసినావు చూడు, అప్పట్నించి.”

ఇంతలో వెనకనుంచి కేక వినిపించింది. మస్తానయ్య తాడు పట్టుకుని వానలో నిలబడి ఉన్నాడు.

“మాటలు తర్వాత. ముందొచ్చి పడవ లాగు అల్లుడూ!”