పెద్దావిడ ముగ్గురు కొడుకులు

“లైన్ వదిలావో... చచ్చావే!”

కాపలా కాసే మేస్త్రి పిస్టల్ గొట్టం నర్సు మెడకు తగులుతుంది. చల్లగా!

హాల్లో నలభై టేబుళ్లు. నలభై ఫోన్లు. మాట్లాడుతున్నంతసేపూ ఫోన్ మీద పచ్చ లైటు. కిటికీలకు నల్ల కాగితాలు... పగలో రాత్రో తెలీదు.

నర్సు ఉద్యోగమని రప్పించారు. పాస్‌పోర్టు లాక్కుని ఈ కుర్చీలో కూలదోశారు. ఫోన్లో జనాన్ని ముంచడమే డ్యూటీ!

“అమ్మగారూ, బ్యాంకు నుంచి. మీ అకౌంట్ బ్లాక్ అవుతుంది. ఓటీపీ చెప్పండి.”

“ఉండు తల్లీ, కళ్లజోడు వెతుక్కుంటున్నా,” అంటుంది అవతల పెద్దావిడ.

పది నిమిషాలుగా అదే కళ్లజోడు!

మేస్త్రి విసుక్కుంటూ వెనక వరసలోకి వెళ్తాడు.

“తిన్నావా అమ్మాయ్?”

ఆరు నెలల్లో ఆ మాట అడిగిన మనిషి లేడు.

పెద్దావిడ స్వరం తగ్గిస్తుంది. “నాకు ముగ్గురు కొడుకులనుకో. పెద్దోడు బ్యాంకు. రెండోవాడు ఫోన్ కంపెనీ. చిన్నోడు పోలీసు. ఇన్నాళ్లూ ఉప్పూ నిప్పూ! మీలాంటి పిల్లల్ని విడిపించాలని ఇవాళే ఒక టేబుల్ దగ్గర కూర్చున్నారు.”

నర్సు ఫోన్ చెవికి అదుముకుంటుంది. ఈవిడ బకరా కాదు... ఎర!

“బిల్డింగ్ దొరికింది తల్లీ. ఎన్నో అంతస్తు?”

నోరు తెరుస్తుంది. మేస్త్రి తిరిగి వస్తున్నాడు!

“నాలుగు... నాలుగుసార్లు అడిగానండీ! ఓటీపీ!”

“సరే. చిన్నోడు మెట్లెక్కుతున్నాడు. పెద్దోడు మీవాళ్ల ఖాతాలు ఆపేశాడు. ఇక రెండోవాడి వంతు.”

టప్!

హాల్లో పచ్చ లైట్లు ఒక్కసారిగా ఆరిపోతాయి. “హలో! హలో!” అని అన్ని వరసల్లోంచీ అరుపులు.

మేస్త్రి బిత్తరపోయి చుట్టూ చూస్తాడు. చచ్చిన ఫోన్లు... ముప్పై తొమ్మిది.

నర్సు టేబుల్ మీద మాత్రం... పచ్చ లైటు!

“భయపడకు తల్లీ. నువ్వు ఒంటరివి కాకూడదని నీ లైన్ ఒక్కటీ ఉంచమన్నా.”

కొంప ముంచారమ్మా!

నర్సు అరచెయ్యి లైటు మీద మూస్తుంది. వేళ్ల సందుల్లోంచి పచ్చగా కనబడుతూనే ఉంది.

“ఎవరే అది?” మేస్త్రి పిస్టల్ ఎత్తుతాడు.

మెట్ల మీద బూట్ల చప్పుడు. ఇంకా కిందే!

“అమ్మాయ్... ఉన్నావా?”

ఢాం!