సామిల్లు దగ్గర రెండో నీడ

యుద్ధం రోజుల్లో ప్రూత్ ఏటి ఒడ్డున కాలిపోయిన సామిల్లు ఒకటి ఉండేది. చీకటి పడ్డాక అటు కాపలాకి వెళ్ళమంటే ఎంత మొనగాడైనా కడుపునొప్పి అని ముసుగుతన్నేవాడు. అక్కడ ఏదో అరుస్తుందనీ, ఎవరికీ అర్థంకాని భాషలో ఒకే మాట పదేపదే అంటుందనీ చెప్పుకునేవాళ్ళు. రెండుసార్లు తుపాకులు పేల్చి చూశారు. అరుపు ఆగలేదు.

అప్పటికి మా కంపెనీలో యూదులం మిగిలింది ఇద్దరమే — నేనూ, జెలిగూ. జెలిగ్ నాకు చెప్పింది చెప్పినట్టు చెబుతున్నాను. నమ్మితే నమ్మండి, లేకపోతే మీ ఇష్టం.

ముందు వాడి గోడు వినాలి. వాడి బావ, అంటే అక్క మొగుడు, అన్షెల్ కూడా మాతోనే ఉండేవాడు. ఆకురాలే కాలంలో శత్రువు తరుముతుంటే ఏరు దాటాం. ఇవతలి ఒడ్డుకి చేరి చూసుకుంటే అన్షెల్ లేడు. పడిపోవడం ఎవరూ చూడలేదు. శవం దొరకలేదు. సైన్యం వాళ్ళు ‘గల్లంతు’ అని రాసేసి చేతులు దులుపుకున్నారు.

మాలో ఆడదాని బతుకు బండలు కావడానికి ఆ ఒక్క మాట చాలు. మొగుడు పోయాడని చెప్పే సాక్షి ఒక్కడైనా ఉండాలి. లేకపోతే ఆమె జన్మంతా వాడి పెళ్ళామే, ఇంకో పెళ్ళి లేదు. జెలిగ్ అక్క పెర్ల్‌కి ఇరవై నాలుగేళ్ళు. ఊళ్ళో జీనులు కుట్టే ఆయన చేసుకుంటానన్నాడు, వసంతంలో వచ్చే పస్కా పండగ దాకా మాత్రమే చూస్తానన్నాడు. “నేను పెళ్ళాన్నా, విధవనా? ఏదో ఒకటి తేల్చరా తమ్ముడూ” అని ఆమె రాసిన ఉత్తరం జేబులో పెట్టుకుని తిరిగేవాడు జెలిగ్. అర్జీ మీద అర్జీ పెట్టాడు. జవాబు ఒకటే... గల్లంతు. వింటుంటే నాకే ఒళ్ళు మండేది.

ఒక రాత్రి కార్పొరల్ యానోష్ వాణ్ణి సామిల్లు కాపలాకి తోలాడు.

“మేం శిలువ చూపించినా పోలేదురా. మీవాడేమో! నువ్వెళ్ళి బుజ్జగించుకో,” అని పళ్ళికిలించాడు.

జెలిగ్ వెళ్ళాడు. మంచు కరిగి మోకాలిదాకా బురద. గాలి లేదు. ఏటి చప్పుడు కూడా సన్నగా ఉంది. అర్ధరాత్రి దాటాక — వినపడింది.

బొంగురు గొంతు... నీళ్ళ అడుగునుంచి వచ్చినట్టు... మా యూదుల భాష యిడ్డిష్‌లోనే.

“కోసొవ్ ఊరివాడు... నుహిమ్ కొడుకు అన్షెల్... చచ్చిపోయాడు.”

మళ్ళీ అదే. మళ్ళీ అదే.

జెలిగ్ పరిగెత్తాడు — వెనక్కి కాదు, మిల్లులోకి. మూలమూలా తడిమాడు. ఎవరూ లేరు.

తెల్లారగానే ఇద్దరం సైన్యంలో మా యూదుల మతగురువు, రబ్బీ టౌబర్ గారి గుడిసెకి వెళ్ళాం. ఆయన మా దగ్గరికొచ్చి నెల్లాళ్ళే.

“సాక్షి దొరికాడండీ! పేరు, తండ్రి పేరు, ఊరు — అన్నీ చెప్పాడు,” అన్నాడు జెలిగ్ రొప్పుతూ.

“ఎవడు?”

“మనిషి కనపడలేదు. గొంతే.”

రబ్బీ పక్కనున్న పుస్తకం తిరగేశాడు. “మనిషి కనపడకపోయినా గొంతు చెల్లుతుంది. మన శాస్త్రం చెప్పిన పెద్దలు ఒప్పుకున్నారు. కానీ అది దెయ్యం గొంతు కాకూడదు. నీడ చూశావా?”

“చీకట్లో నీడేమిటండీ!”

“దీపం పట్టుకెళ్ళు. ఒక్క నీడ చాలదు, అది దెయ్యాలకీ ఉంటుంది. మనిషికైతే ఆ నీడ అంచున పలచగా ఇంకో నీడ ఉంటుంది. దెయ్యానికి ఆ రెండోది ఉండదు. అది చూసిరా, మీ అక్క విధవేనని రాసి సంతకం పెడతాను.”

బయటికొచ్చి జెలిగ్ టోపీ తీసి బురదలోకేసి కొట్టాడు. “సైన్యానికి శవం కావాలి, ఈయనకి నీడకి నీడ కావాలి! మా అక్క ఏమైపోయినా ఎవడికీ పట్టదురా!”

ఆ రాత్రి లాంతరుతో వెళ్ళాడు.

గొంతు మొదలైంది. ఈసారి దగ్గర్లోనే — రంపం బల్ల వెనక. లాంతరు ఎత్తాడు. ఎవరో నిలబడి ఉన్నారు. జెలిగ్ ముందు మొహం చూడలేదు, గోడమీద నీడ చూశాడు.

నల్లటి నీడ... అంచు కత్తితో కోసినట్టు ఉంది. దాని పక్కన ఏమీ లేదు. లాంతరు ముందుకి జరిపాడు, వెనక్కి జరిపాడు. తన నీడ చూసుకున్నాడు — తనకి రెండూ ఉన్నాయి.

అప్పుడు మొహం చూశాడు.

“బావా...”

అన్షెలే. కోటు నుంచి నీళ్ళు కారుతున్నాయి. కింద నేల మాత్రం పొడిగా ఉంది.

“నుహిమ్ కొడుకు అన్షెల్... చచ్చిపోయాడు,” అన్నాడు, అరిచి అరిచి అలిసిపోయిన గొంతుతో.

జెలిగ్‌కి భయం వెయ్యలేదట. కోపం వచ్చిందట, దాని వెనకే ఏడుపు.

“నాకు తెలుసు బావా! కానీ నువ్వు చెబితే చెల్లదు. బతికున్నవాడెవడైనా చెప్పాలి...”

అన్షెల్ నోరు మూసుకున్నాడు. లాంతరు ఆరిపోయేదాకా వాడివంకే చూస్తూ నిలబడ్డాడు.

తెల్లారి ఇదంతా నాకు చెప్పి, “ఏం చెయ్యన్రా?” అన్నాడు జెలిగ్. రబ్బీ ముందు అబద్ధపు సాక్ష్యం చెప్పడమంటే మాటలు కాదు. నిజం చెబితే పెర్ల్ గతి అంతే. చచ్చినవాడు స్వయంగా వచ్చి మొత్తుకున్నా సరిపోకపోతే ఇంకెవరొచ్చి చెప్పాలి?

రెండు రోజులు కొట్టుమిట్టాడి, మూడోరోజు నన్ను వెంటబెట్టుకుని రబ్బీ దగ్గరికి వెళ్ళాడు.

“చూశావా?” అన్నాడు రబ్బీ.

“చూశానండీ.”

“రెండో నీడ?”

“రెండోదీ చూశాను.”

“మొహం?”

“కనపడలేదు.”

రబ్బీ కలం సిరాలో ముంచి, పెర్ల్ ఇంక ఎవరినైనా చేసుకోవచ్చని రాసి, సంతకం పెట్టి, ముద్ర వేశాడు. కాగితం జెలిగ్ చేతికిస్తూ గుసగుసగా అడిగాడు —

“మీ బావకి ఎడమ చెవి తమ్మె లేదు... కదూ?”

“లేదండీ... చిన్నప్పుడు కుక్క కరిచింది.”

“ఊఁ,” అన్నాడు రబ్బీ. “ఇవాళే టపాలో వేసెయ్.”

ఆయన అన్షెల్‌ని బతికుండగా చూసి ఎరగడు. ఆ చెవి సంగతి మేమూ ఆయనకి చెప్పలేదు.