పన్నెండో ప్రశ్న

పొద్దున్న తొమ్మిదింటికి రచయిత తన కూతురి నల్లకోటు ఇస్త్రీ చేస్తున్నాడు. ఆయనకి ఆ పని రాదు. కానీ దర్జీల మీద ఒక పుస్తకం, లాండ్రీవాళ్ళ మీద ఒక పుస్తకం రాసిన మనిషి కనుక తనకి వచ్చనే అనుకుంటాడు. కాలరు దగ్గర మడత ఒకటి ఎంతకీ లొంగడం లేదు.

"ఒరేయ్, ఆ కోటుని ఇస్త్రీ చేస్తున్నావా, శిక్షిస్తున్నావా?" అంది అక్క, బల్ల దగ్గర టీ తాగుతూ. ఆవిడ టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేసి రిటైరైంది. ముప్పై అయిదేళ్ళు ఊరందరి మాటలూ కలిపిన ఆ మనిషికి, తమ్ముడి ఇంట్లోకి వచ్చాక మాట కలిపేవాళ్ళే కరువయ్యారు.

"పదకొండుకి ఫోటోగ్రాఫర్ వస్తాడక్కా. సాయంత్రం పుస్తకం అచ్చుకి వెళ్ళిపోవాలి."

"చిట్టి వస్తానందా?"

"ఆఫీసులో పర్మిషన్ అడిగి వస్తానంది."

అక్క ఇంకేం అనకుండా కప్పులోకి చూస్తూ కూర్చుంది. ఆవిడ అలా ఊరుకోవడం ఎప్పుడోగాని జరగదు. తమ్ముడు మాత్రం కాలరు గొడవలో పడి అది గమనించలేదు.

ఆయన రాసేవి పిల్లల పుస్తకాలు. కథలు కావు, పనుల గురించి. 'నువ్వేమవుతావు?' అని వరస పేరు. ఒక్కో పుస్తకం ఒక్కో పని మీద: పైలట్, వంటమనిషి, నర్సు, అగ్నిమాపక దళం. వీధిలో పిల్లలు ఆయన్ని 'ఏమవుతావు మాస్టారు' అని పిలుస్తారు. ఆయన పద్ధతి ఒకటే. మూడు రోజులు ఆ పనిచేసే మనిషి వెంట తిరుగుతాడు, పన్నెండు ప్రశ్నలు అడుగుతాడు. ప్రశ్న అడిగాక నోరు మెదపకుండా మనసులో పదిదాకా లెక్కపెడతాడు. వెంటనే వచ్చేది అందరికీ చెప్పే జవాబు, ఆరో ఏడో అంకె దాటాక వచ్చేదే అసలు జవాబు అని ఆయన నమ్మకం. ఆ నమ్మకం ఇరవై నాలుగు పుస్తకాల దాకా ఆయన్ని మోసం చెయ్యలేదు.

ఆ పుస్తకాల్లో మొదటివాటి అట్టల మీద ఉన్నదంతా చిట్టే. అయిదేళ్ళప్పుడు పైలట్ టోపీ పెట్టుకుని మొదలుపెట్టింది. పాత కర్టెన్లు చింపి తల్లి బట్టలు కుట్టేది, బాల్కనీ గోడకి తెల్లదుప్పటి కట్టేవారు, పిల్ల దాని ముందు నిలబడి నవ్వేది. చిట్టికి పదిహేనేళ్ళప్పుడు తల్లి పోయింది. తరవాత అట్టల మీద బొమ్మలు వేయించారు. ఇంట్లో నవ్వమని ఎవరూ ఎవర్నీ అడగలేదు.

ఇప్పుడు ఇరవై అయిదో పుస్తకం. దాని చివరి పేజీలో 'అట్టమీది పాప ఇప్పుడేమైంది?' అని నాలుగు వందల మాటలు, పక్కన నల్లకోటులో ఫోటో. చిట్టి బీమా కంపెనీలో ఆఫీసరు. తొమ్మిదేళ్ళుగా కూతురితో తనకి ఎక్కడో తెగిపోయిన మాట ఈ పేజీతో అతుక్కుంటుందని ఆయన ఆశ. ఎవరికీ చెప్పుకోలేదుగానీ ఆ ఆశతోనే నెలరోజులుగా బతుకుతున్నాడు.

"ఆ రాసింది దానికి చూపించావా?" అంది అక్క, సంచీ భుజానికి తగిలించుకుంటూ. ఆవిడ కళ్ళ డాక్టరు దగ్గరికి బయల్దేరింది.

"అచ్చయ్యాక చూస్తుందిలే."

"పోనీ, రాసేముందు ఏమైనా అడిగావా?"

"అడగడానికేముందక్కా. ఇంట్లో మనిషేగా."

"అవున్లే. ఇంట్లో మనిషే," అని ఆవిడ చెప్పులేసుకుని వెళ్ళిపోయింది.

పదింటికి ఆయన మెట్ల దగ్గర కిటికీలోంచి వెలుతురు ఎలా పడుతుందో చూద్దామని గడప దాటాడు. గాలికి తలుపు ధడాలున మూసుకుంది. దానంతటదే గడియ పడే తలుపు అది. తాళంచెవి లోపలివైపు తాళానికే ఉండిపోయింది. బయట కాళ్ళకి ఇంటి చెప్పులు, చేతిలో కోటు. లోపల ఇస్త్రీపెట్టె స్విచ్చి వేసే ఉంది.

పెట్టెని నిలబెట్టానా, పడుకోబెట్టానా? ఎంత గింజుకున్నా గుర్తుకు రాలేదు. కింది వాటాలో ఉండే దర్జీ ఆయన అవస్థ చూసి, మూలమీది తాళాల షాపుకి ఫోన్ చేశాడు. "మనిషిని పంపిస్తామన్నారు మాస్టారూ. మీరు కంగారుపడకండి," అని ఓ స్టూలు కూడా తెచ్చి వేశాడు.

ఇరవై నిమిషాలకి మెట్లమీద అడుగుల చప్పుడైంది. చూస్తే చిట్టి. చొక్కా చేతులు మోచేతిదాకా మడిచి ఉన్నాయి, భుజాన మందపాటి గుడ్డసంచీ ఉంది.

"వచ్చావా తల్లీ. తలుపు పడిపోయింది. లోపల ఇస్త్రీపెట్టె... నీ తాళంచెవి ఇలా ఇవ్వు."

"లోపల చెవి ఉండగా నాది దూరదు నాన్నా."

"అదేలే, తాళాలవాళ్ళు వస్తున్నారు."

"వచ్చాను," అంది చిట్టి.

ఆయనకి అర్థమయ్యేలోపు ఆ పిల్ల తలుపు ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. సంచీలోంచి చిన్న టార్చి తీసి పళ్ళ మధ్య పెట్టుకుంది. సన్నటి కడ్డీ ఒకటి తాళంలోకి పెట్టి, తాళానికి చెవి ఆనించి వింటూ, ఒక్కో వెంట్రుకంత తిప్పింది. ఆ చేతులు ఆయన ఎప్పుడూ చూడని చేతులు. కుడి బొటనవేలి మీద కాయ కాసి ఉంది. నాలుగు నిమిషాలకి లోపలి తాళంచెవి ఊడి నేలమీద టింగుమని పడింది. అప్పుడు తన తాళంచెవి పెట్టి తలుపు తీసింది.

ఆయన పరుగున వెళ్ళి స్విచ్చి ఆపాడు. పెట్టె నిలబెట్టే ఉంది. ఏమీ కాలలేదు. దాంతో భయమంతా కోపంగా మారిపోయింది.

"ఎన్నాళ్ళ నుంచి?"

"రెండు నెలలు. ఆఫీసు మానేశాను."

"మీ అత్తకి తెలుసా?"

"అత్త అడిగింది. చెప్పాను."

"మరి నాకెందుకు చెప్పలేదు?" అని, జవాబు వచ్చేదాకా ఆగకుండా, "ఏ పనీ చిన్నది కాదని ఇరవై నాలుగు పుస్తకాలు రాసినవాణ్ణి. నాకు చెప్పలేకపోయావా? రోజూ డబ్బా సర్దుకుని ఆఫీసుకి వెళ్తున్నట్టు నాటకాలా? రేపు నేను నలుగురికీ ఏం చెప్పుకోను?" అన్నాడు.

చిట్టి కుడిచేతి వేళ్ళు మూడు మడిచి ఉన్నాయి.

"ఏంటది?"

"లెక్కపెడుతున్నాను. ప్రశ్న అడిగాక పదిదాకా ఆగాలని నాకు చిన్నప్పుడు నువ్వే నేర్పావు కదా. నేను నీ పక్కన కూర్చుని వేళ్ళు మడిచేదాన్ని. నువ్వు మూడు దగ్గరే మొదలుపెట్టేశావు."

ఆయన గోడవైపు చూశాడు. గడియారం పదిన్నర దాటినట్టు చూపిస్తోంది. అప్పుడు ఆ తండ్రి నోటినుంచి రాకూడని మాట వచ్చేసింది.

"సరే, అవన్నీ తరవాత. ముందు ఈ కోటు వేసుకో. ఫోటో అయిపోయాక మాట్లాడుకుందాం."

చిట్టి కోటు అందుకోలేదు. బల్లమీదున్న చివరి పేజీ అచ్చుకాగితం తీసి చదివింది. "'తొమ్మిదింటికి ఆమె నవ్వుతూ తన సీట్లో కూర్చుంటుంది.' నవ్వుతూ అని ఎవరు చెప్పారు నాన్నా నీకు?"

"అంటే... ఊహించి..."

"వంటమనిషి గురించి రాయడానికి మూడు రోజులు ఉల్లిపాయలు తరిగావు. ఆ పక్కగదిలో రెండేళ్ళు రోజూ ఏడుస్తూ తయారైన దాన్ని ఊహించి రాసేశావు." గొంతు పెంచకుండానే అంది. "పైలట్‌నయ్యాను, నర్సునయ్యాను, టోపీ ఏది పెడితే అది అయ్యాను. నువ్వేమవుతావు అని అట్టమీద అచ్చేసి ఊరందరి పిల్లల్నీ అడిగావు. నన్ను అడగలేదు."

సంచీ సర్దుకుని గుమ్మం దగ్గర ఆగింది. "మా తాళాల మాస్టరు అడ్రస్ చెప్పి, మీ ఇల్లేగా, నేను వెళ్తాలే అన్నారు. నేనే వెళ్తానని వచ్చాను."

ఆయన ఏదో అనేలోపే మెట్లు దిగిపోయింది. తలుపు మెల్లగా తనే దగ్గరికి వేసి వెళ్ళింది.

ఫోటోగ్రాఫర్ వచ్చాడు. ఆయన అతనికి క్షమాపణలు చెప్పి పంపేశాడు. ఇల్లంతా ఒకటే నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దం కొత్తదేం కాదు, తొమ్మిదేళ్ళుగా ఉన్నదే. ఇంతకాలం దాన్ని రాసుకోవడానికి అనువైన ప్రశాంతత అనుకున్నాడు ఆ పిచ్చిమహారాజు.

బల్ల అడుగు సొరుగు లాగాడు. అందులో పాత కాగితాల కట్ట ఉంది. ఆయన ప్రశ్నల్లో పన్నెండోది ఎప్పుడూ ఒకటే: 'ఈ పనిలో మీకు ఒంటరిగా ఎప్పుడనిపిస్తుంది?' ఆ జవాబు ఏ పుస్తకంలోనూ అచ్చుకాలేదు. పిల్లల పుస్తకంలో దిగులెందుకండీ అని పబ్లిషరమ్మ ప్రతిసారీ కొట్టేసేది. ఆయన వాటిని పారెయ్యలేక దాచాడు. పైలట్ అన్నాడు: 'దిగాక. ప్రయాణికులందరికీ ఎవరో ఒకరు ఎదురొస్తారు.' వంటమనిషి అంది: 'రెండు వందల మందికి వండి ఇంటికొచ్చాక, నా ఒక్కదానికి పొయ్యి వెలిగించబుద్ధి కాదు.' ఒక్కోటీ చదువుతుంటే కళ్ళు మసకబారాయి. ఇంతమంది దిగులు ఓపిగ్గా విన్న చెవులకి పక్కగది గోడ ఎందుకు అడ్డమొచ్చింది? తల్లి పోయాక ఆ పిల్లని ఆ ప్రశ్న అడిగితే వచ్చే జవాబుకి తను భయపడ్డాడు. అంతే. మరో కారణం లేదు.

పబ్లిషరమ్మకి ఫోన్ చేశాడు. "చివరి పేజీ ఆపండి. అది అబద్ధం."

"సాయంత్రం అచ్చండీ. ఖాళీ పేజీ వెయ్యమంటారా?"

"మూడు రోజులు ఆగండి. లేకపోతే ఖాళీగానే వెయ్యండి."

సాయంత్రం చిట్టి వచ్చి, తిని, తన గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. ఆయన ఆ తలుపు ముందు కాసేపు నిలబడి తిరిగొచ్చాడు. "నువ్వైనా నాకు చెప్పకూడదా అక్కా?" అన్నాడు.

"అది చెప్పింది నాకు. నీకు కావాలంటే నువ్వే అడుక్కో. నేను కనెక్షన్లు కలపడం మానేసి ఆరేళ్ళయింది," అంది అక్క. అని, ఆయన ముందు టీకప్పు పెట్టింది.

మర్నాడు పొద్దున్న తాళాల షాపు తెరిచేసరికి రచయిత నోటుబుక్కుతో మెట్టుమీద కూర్చుని ఉన్నాడు. తాళాల మాస్టరు ముసలాయన. రచయితనీ, నోటుబుక్కునీ, చిట్టినీ ఒక్కసారి చూసి, "నేను టీ తాగొస్తాను. పెద్ద కప్పు," అని తప్పుకున్నాడు.

చాలా చిన్న షాపు. గోడనిండా ఇంకా పళ్ళు కొయ్యని తాళంచెవులు వేలాడుతున్నాయి. చిట్టి ఒక పాత తాళం విప్పి, లోపలి చిన్నచిన్న స్ప్రింగులు గుడ్డమీద వరసగా పేరుస్తోంది. తల ఎత్తలేదు.

"మూడు రోజులు కూర్చుంటాను. అడ్డం రాను," అన్నాడాయన. "మొదటి ప్రశ్న. ఈ పనిలోకి ఎలా వచ్చారు?"

అందరినీ అడిగినట్టే 'మీరు' అని అడిగాడు. చిట్టి తల ఎత్తింది. ఆయన లెక్కపెట్టాడు. ఎనిమిదికి ఆ పిల్ల మాట్లాడింది. ఒకరోజు ఆఫీసు మెట్లమీద తాళంచెవి పోగొట్టుకుని కూర్చున్న ముసలావిడని చూసిందట. ఈ మాస్టరు వచ్చి ఆవిడ ఇంటి తలుపు తీస్తుంటే, వెంట వెళ్ళి చూస్తూ ఉండిపోయిందట. "ఎవరో వచ్చి తలుపు తీస్తే మనుషుల మొహం ఎలా మారుతుందో ఆ రోజు చూశాను," అంది.

ఆయన రాసుకున్నాడు. ఒక్కో ప్రశ్నా అడిగాడు, ఒక్కోసారీ ఆగాడు. మధ్యలో ఇద్దరు గిరాకీలు వచ్చి వెళ్ళారు. మాస్టరు రెండుసార్లు తొంగిచూసి, ఇంకో టీకి వెళ్ళిపోయాడు. మూడు రోజులకి సరిపడే ప్రశ్నలు ఆ పూటకే అయిపోవచ్చాయి.

"పన్నెండోది," అన్నాడాయన. నోటుబుక్కులో కొత్త పేజీ తిప్పాడు. "ఈ పనిలో మీకు ఒంటరిగా ఎప్పుడనిపిస్తుంది?"

చిట్టి చేతిలో స్ప్రింగు గుడ్డమీద పెట్టింది. ఏడు, ఎనిమిది, తొమ్మిది. ఆయన పదీ దాటి లెక్కపెడుతూనే ఉన్నాడు.

"పని అయిపోయాక. తలుపు తెరవగానే వాళ్ళు గబగబా లోపలికి వెళ్ళిపోతారు. నేను బయట సంచీ సర్దుకుంటూ ఉంటాను." స్ప్రింగుని వేలితో దొర్లించింది. "నిన్న కూడా, నాన్నా."

ఆయన ఆ మాట రాసుకోలేకపోయాడు. కన్నీళ్ళు నోటుబుక్కు మీద పడ్డాయి. తుడుచుకోలేదు. చిట్టి బల్ల చుట్టూ తిరిగి వచ్చి ఆయన పక్కన, చిన్నప్పటిలాగే స్టూలు అంచున కూర్చుంది. ఆయన చేతిలోంచి పెన్ను తీసుకుంది.

"మరి మీకో?" అంది. "ఈ పనిలో మీకు ఒంటరిగా ఎప్పుడనిపిస్తుంది?"

ఇరవై ఏళ్ళలో ఆయన్ని ఆ ప్రశ్న తిరిగి అడిగినవాళ్ళు లేరు. బాగానే ఉంటుందమ్మా అనబోయాడు. అది అందరికీ చెప్పే జవాబని తెలిసి ఆగిపోయాడు. చిట్టి ఒక్కో వేలూ మడుస్తూ, తొందరపెట్టకుండా ఎదురు చూసింది. ఆరు, ఏడు, ఎనిమిది.

"అందరి మాటలూ రాసుకుని ఇంటికి వస్తాను కదా," అన్నాడాయన మెల్లగా. "మీ అమ్మ ఉన్నప్పుడు అన్నీ చదివి వినిపించేవాణ్ణి. ఇప్పుడు నీ తలుపు దాకా వచ్చి, నిలబడి, వెళ్ళిపోతాను. అప్పుడు."

చిట్టి ఆ మాటలు నోటుబుక్కులో పన్నెండో ప్రశ్న కింద, తన జవాబు పక్కనే రాసింది. రాసి, పెన్ను మూసి, ఆయన భుజానికి తల ఆనించింది.

"ఈసారి తలుపు కొట్టు నాన్నా," అంది. "నేను మెలకువగానే ఉంటాను."