మొదటి వరస తూటాలు

శుక్రవారం పొద్దున జావ కాద్దామని వెర్నా అలమర తెరిచి గోధుమ రవ్వ డబ్బా తీసింది. డబ్బా మరీ తేలిగ్గా వచ్చింది చేతికి. మూత తీసి చూస్తే అడుగున చెంచాడు కూడా లేదు. బిల్లింగ్స్‌లో చెల్లెలికి కంటి ఆపరేషనని సోమవారం వెళ్తూ వెళ్తూ కొత్త డబ్బా కొని పెట్టింది. తిరిగి వచ్చింది నిన్న సాయంత్రమే. మొగుడు ఆర్డెన్ చచ్చినా జావ తాగడు. అది రోగిష్టివాళ్ల తిండని నలభై నాలుగేళ్లుగా వెక్కిరిస్తూనే ఉన్నాడు.

మరి రవ్వ ఏమైనట్టు? ఇంకెవరింట్లోనైనా అయితే ఎలకల్ని తిట్టుకుంటారు. వెర్నాకి మాత్రం ఇట్టే అర్థమైపోయింది. తను ఇంట్లో లేనప్పుడు ఆయన తూటాల గుల్లలు తయారుచేశాడు.

ఆర్డెన్‌కి సొంత తూటా ఒకటుంది. లూయిస్‌టౌన్‌లో రోడ్ల షెడ్డు మెకానిక్‌గా ఉన్న రోజుల్లోనే, కొట్లో దొరికే మామూలు తూటా ఇత్తడి గుల్లని తీసుకుని, మెడ దగ్గర సన్నబడే దాని భుజం ముందుకు నెట్టి, నడుము నిటారు చేసి, ఇంకాస్త తుపాకిమందు పట్టేలా పెంచాడు. దానికి తగ్గట్టు రైఫిల్ లోపల తూటా కూర్చునే గదిని కూడా తనే తొలిచాడు. అలాంటి గుల్ల ఏ కంపెనీ చెయ్యదు, ఇంట్లో చేసుకోవాల్సిందే. మామూలు గుల్లలో గభాలున మండే మందు చిటికెడు పోసి, మిగతా చోటంతా రవ్వ కూరి, మైనంతో మూతి మూసి, గుండు లేకుండా ఆకాశంకేసి పేలిస్తే ఇత్తడి ఉబ్బి ఆ గది ఆకారానికి వస్తుంది. అలా సాగిన గుల్లలో తర్వాత నింపాదిగా మండే మందు నిండుగా పోసి గుండు బిగిస్తే, అప్పుడది ఆర్డెన్ తూటా. పొరపాటున ఆ మొదటి మందే నిండుగా పోశారో, రైఫిల్ పట్టుకున్న మనిషి చెంప పక్కనే పేలిపోతుంది.

అందుకే ఆ ఇంట్లో ఒక కట్టుబాటు ఉంది. బల్లమీద ఒకసారి ఒకే మందు డబ్బా ఉండాలి. ఆ డబ్బా అరలోకి వెళ్తేగాని రెండోది బయటికి రాకూడదు. చుట్టుపక్కల మూడు కౌంటీల వేటగాళ్లు ఆర్డెన్ దగ్గరికి నేర్చుకోవడానికి వచ్చేవాళ్లు. ఆయన అందరికీ ముందు చెప్పేది ఈ మాటే.

కానీ మొన్న ఫిబ్రవరిలో వెర్నా కాఫీ ఇవ్వడానికి ఆయన తూటాలు చేసుకునే గరాజులోకి వెళ్తే, చిల్లుల పీటలో నిలబెట్టిన గుల్లల్లో అయిదింట్లో మందే లేదు. ఒకదాంట్లో పొంగి పొర్లుతోంది. ఆర్డెన్ కాఫీ కప్పు పట్టుకుని కిటికీ దగ్గరకెళ్లాక, ఆమె గప్‌చుప్‌గా ఆరింటినీ సరిచేసింది. ఆ రోజు మొదలు ఎనిమిది నెలలుగా అదే పని. ఆయన మందు పోసి, "కాఫీ తాగొస్తా" అని వెళ్తాడు. ఆమె టార్చి తీసుకుని దొంగలా దూరుతుంది. ఒక్కో గుల్లలోకి వెలుతురు వేసి చూసి, తేడా ఉంటే దిద్ది, ఏమీ ఎరగనట్టు బయటికొస్తుంది. మొగుడితో అనలేదు, కూతురితో అనలేదు, డాక్టరుతో అసలే అనలేదు. కక్కలేక మింగలేక ఎలా నెట్టుకొచ్చిందో ఆమెకే తెలుసు.

ఇప్పుడు ఖాళీ డబ్బా అక్కడే వదిలేసి గరాజులోకి పరుగెత్తింది. బల్లమీద డబ్బాలు రెండున్నాయి. రెండిటికీ మూతల్లేవు. మందు కొలిచి పోసే గాజుగొట్టంలో అడుగున నాలుగు వేళ్ల మందు మిగిలి ఉంది. త్రాసు మీద తను సోమవారం కప్పి వెళ్లిన గుడ్డ కప్పినట్టే ఉంది. ఆ పక్కన యాభై తూటాల పెట్టె, గుండ్లు బిగించేసి, మూతమీద చీటీ అంటించి సిద్ధంగా ఉంది. చీటీమీద "సిగ్నీకి" అని రాసి, పక్కనే కొమ్ముల దుప్పి బొమ్మ గీశాడు.

సిగ్నీ వాళ్ల ఒక్కగానొక్క కూతురు. బ్రేక్స్ లోయల్లో ఎల్క్ దుప్పి వేట పర్మిట్టు కోసం ఏడేళ్లుగా లాటరీలో పేరు వేస్తోంది. ఏడో ఏడు తగిలింది. రేపు తెల్లారితే సీజను మొదలు. తండ్రి చేసిన రైఫిలు, తండ్రి చేసిన తూటాలు తీసుకుని మధ్యాహ్నానికల్లా బయల్దేరాలి.

"అమ్మా! నాన్న ఏడీ? నాకు ఆకలేస్తోంది, చంపేస్తోంది!" అంటూ సిగ్నీ అప్పుడే ఇంట్లోకి వచ్చింది. దాని వెనకే ఆర్డెన్, కూతురి జీపు టైర్లలో గాలి చూసి చేతులు తుడుచుకుంటూ. వంటింట్లో రవ్వ డబ్బా ఆయన కంటపడింది.

"వెర్నా, జావేంటి పిల్లకి! గుడ్లు వేయించు, బేకన్ వేయించు. కొండలెక్కాల్సిన మనిషి."

"ఆర్డెన్, ఒక్కసారి ఇలా రా," అంది వెర్నా గరాజులోంచి.

"తిన్నాక వస్తానే."

"తిన్నాక కాదు, ఇప్పుడే. సిగ్నీ, నువ్వూ రా."

ఇద్దరూ గరాజులోకొచ్చారు. వెర్నా పెట్టె రెండు చేతులా పట్టుకుని గుండెకి హత్తుకుంది.

"ఈ తూటాలు అది తీసుకెళ్లకూడదు."

ఆర్డెన్ మొహం చిట్లించాడు. "ఎందుకట?"

"బల్లమీద రెండు డబ్బాలున్నాయి."

"ఉంటే? రోజంతా పనిచేశాను. ఇంకా సర్దలేదు."

"త్రాసు మీద గుడ్డ కూడా తియ్యలేదు నువ్వు."

"నోటుబుక్కులో లెక్క ఉండగా త్రాసెందుకు? ఇరవై ఏళ్ల నాటి లెక్క అది. నాకు తూటాలు చెయ్యడం నేర్పిస్తున్నావా? బాగానే ఉంది వరస! తాతకి దగ్గులు నేర్పినట్టు!"

"నాన్నా, అరవకు," అంది సిగ్నీ. "అమ్మా, ఏమైంది నీకు?"

"ఏమీ కాలేదు మీ అమ్మకి. నాకు మతి పోయిందని దాని అనుమానం. ఆర్నెల్లుగా చూస్తున్నా. కారు తాళాలు ఎక్కడ పెట్టానో చూస్తుంది, స్టవ్ ఆపానో లేదో చూస్తుంది. పోలీసు కాపలా నాకు!"

వెర్నాకి కళ్లలో నీళ్లు గిర్రున తిరిగాయి. అయినా పెట్టె వదల్లేదు.

"అవునయ్యా, చూస్తున్నా! స్టవ్ ఎన్నిసార్లు ఆపానో నీకేం తెలుసు? తిట్టుకో, ఎంతైనా తిట్టుకో. కానీ నా కూతురి మొహం పక్కన ఇవి పేలడానికి వీల్లేదు. నా కంఠంలో ప్రాణం ఉండగా వీల్లేదు!"

వెర్నా అంత గట్టిగా అరవడం సిగ్నీ ఎన్నడూ వినలేదు. నలభై నాలుగేళ్ల కాపురంలో ఆర్డెన్ కూడా వినలేదేమో, ఆయన మొహం ఎర్రబడింది. గోడకి తగిలించిన ప్లాస్టిక్ సుత్తి లాగి కూతురి చేతిలో పెట్టాడు. తూటాని దాని తలలో బిగించి నేలకేసి కొడితే గుండూ మందూ ఊడి వస్తాయి.

"విప్పు. నీకు నచ్చినవి తీసి విప్పు. మీ అమ్మ కళ్లారా చూడనీ."

సిగ్నీ పెట్టె మధ్యలోంచి ఒక తూటా తీసింది. సుత్తిలో బిగించి సిమెంటు నేలకేసి మూడు దెబ్బలు కొట్టి, లోపలున్నది తెల్లటి పింగాణీ పళ్లెంలో పోసింది. సన్నని పుల్లముక్కల్లాంటి గింజలు. అది నింపాదిగా మండే మందే.

"చూశావా?" అన్నాడు ఆర్డెన్.

రెండోదీ అదే. చివరి వరసలోంచి తీసిన మూడోదీ అదే. సిగ్నీ హమ్మయ్య అనుకుంది. ఆర్డెన్ ఛాతీ విరుచుకున్నాడు.

"చాలా, ఇంకా కావాలా? ఇప్పుడు చెప్పు వెర్నా, ఎవరికి మతి పోయింది?"

ఒక్క క్షణం వెర్నాకీ అనుమానం వచ్చింది, తప్పు తనదేనేమో అని. తప్పు తనదైతే ఎంత బాగుండును! కానీ ఆమె కళ్లు గాజుగొట్టం మీదే ఉన్నాయి. రవ్వ గుల్లలకి వాడిన మందు అందులో మిగిలిపోయి, దాని మీదే రెండో మందు పోసి ఉంటే? అడుగున ఉన్నదే ముందు దిగుతుంది. అప్పుడు చెడ్డవి ఎక్కడుంటాయి?

"మొదటి వరసలోది తియ్యి సిగ్నీ," అంది మెల్లిగా. "మొట్టమొదటిది."

సిగ్నీ తీసింది. దెబ్బ మీద దెబ్బ, మూడో దెబ్బకి గుండు ఊడింది. పళ్లెంలో ఈసారి పడ్డవి పుల్లముక్కలు కావు. పలుచని, గుండ్రని, నల్లటి రేకులు. గుల్ల నిండా అవే.

సిగ్నీ సుత్తి కింద పెట్టి ఇంకో చేత్తో తన చెంప తడుముకుంది. రేపు పొద్దున, రైఫిలు ఆనించే చెంప అది.

ఆర్డెన్ వంగి ఆ రేకుల్ని వేలితో కదిపి చూశాడు. మళ్లీ చూశాడు. కోపం ఎటుపోయిందో పోయింది. అర్థంకాని లెక్క ముందు కూర్చున్న పిల్లాడిలా భార్య వైపు తలెత్తాడు.

"మరి నువ్వెందుకు తీసెయ్యలేదు, వెర్నా?"

"నేనా?"

"నేను పీటమీద తెరిచే పెట్టి వెళ్లాను గదా, మంగళవారం. కాఫీ తాగొస్తానని నీకు చెప్పి మరీ వెళ్లాను. గంటసేపు ఆగాను. నువ్వు టార్చి వేసి చూస్తావు గదా. ఎప్పుడూ చూస్తావు గదా."

వెర్నా పెట్టె బల్లమీద పెట్టేసింది. "నీకు... తెలుసా?"

"తెలీకేం. మందు పోసిన గుల్లల్ని తెరిచి పెట్టి లేచి వెళ్లడం నా జన్మలో చేశానా? ఎవరికైనా అలా నేర్పానా? నువ్వు చూస్తావనే పెట్టేవాణ్ణి. అడగడానికి సిగ్గేసింది. నువ్వు చూసుంటావులే అనే ధైర్యంతోనే ఈ గుండ్లు బిగించాను."

"ఆర్డెన్," అంది వెర్నా. "మంగళవారం నేను ఇంట్లో లేనయ్యా. బిల్లింగ్స్‌లో ఉన్నాను."

"బిల్లింగ్స్‌లోనా?"

"సోమవారం బస్సెక్కించింది నువ్వే కదా నాన్నా," అంది సిగ్నీ. అంటూనే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

ఆర్డెన్ స్టూలు వెతుక్కుని కూర్చున్నాడు. మంగళవారం వంటింటి గుమ్మంలో నిలబడి కాఫీ సంగతి తను చెప్పింది ఎవరితోనో ఆయనకి ఎంత తవ్వుకున్నా గుర్తు రాలేదు.

"నేను వేటకి వెళ్లను," అంది సిగ్నీ ఏడుస్తూ. "లాటరీ పోతే పోయింది. ఇన్నాళ్లుగానా అమ్మా? ఒక్క ఫోను చెయ్యలేకపోయావా నాకు? నేనేమైనా పరాయిదాన్నా?"

"చేద్దామనే అనుకునేదాన్ని తల్లీ, ప్రతి ఆదివారం. నీతో అంటే నిజమైపోతుందని భయం."

"వెళ్లు," అన్నాడు ఆర్డెన్. తలెత్తలేదు, కానీ గొంతు మాత్రం పాత ఆర్డెన్‌దే. "ఏడేళ్లకి వచ్చింది. దారిలో కొట్లో మామూలు తూటాలు ఓ పెట్టె కొనుక్కో. నీ రైఫిల్లో అవీ పేలతాయి. పేలి బయటికొస్తే గుల్ల ఎలాగూ మనదే అవుతుంది."

కొట్టు తూటా అంటేనే మొహం తిప్పుకునే మనిషి ఆయన. ఆ మాట విని సిగ్నీ ఇంకా ఏడ్చింది. వంగి తండ్రి బట్టతల మీద ముద్దు పెట్టి, "ఆదివారం తిన్నగా ఇక్కడికే వస్తా. సోమవారం డాక్టరు దగ్గరికి ముగ్గురం వెళ్తున్నాం. మాట్లాడొద్దు," అంది.

"నేనేం మాట్లాడాను?" అన్నాడాయన.

జీపు వెళ్లిపోయాక ఇద్దరూ మళ్లీ గరాజులోకొచ్చారు. ఇంకా నలభై ఆరు తూటాలు విప్పాలి. వెర్నా రెండు డబ్బాలకీ మూతలు పెట్టి అరలో సర్దింది. పళ్లెంలోవీ గాజుగొట్టంలోవీ ఒక సీసాలో పోసి, పారబొయ్యాలని పక్కన పెట్టింది. ఆర్డెన్ సుత్తి అందుకుని, ఒక తూటా బిగించబోయి ఆగిపోయాడు.

"వెర్నా."

"ఊఁ."

"నాకు భయంగా ఉందే."

ఎలుగుబంటి ఎదురొచ్చిన కథ నవ్వుతూ చెప్పే మనిషి. ఆయన నోట ఆ మాట రావడం ఇదే మొదలు. వెర్నా స్టూలు లాక్కుని, ఆయన మోకాలికి తన మోకాలు తగిలేంత దగ్గరగా కూర్చుంది. ఎనిమిది నెలల ఏడుపు ఇప్పుడు వచ్చింది. కొంగు లేదు, గౌను చేతులతోనే తుడుచుకుంది. ఆయన సుత్తి పక్కన పెట్టి, మందు మరకల చేత్తో ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"ఇక టార్చి పట్టుకుని దొంగలా రావొద్దు," అన్నాడు. "నా ఎదురుగానే కూర్చో. తప్పు చేస్తే మొహం మీదే చెప్పు. నేను కోప్పడతాను, అయినా చెప్పు."

"చెప్తాను."

"నేను మర్చిపోతే మళ్లీ చెప్పు."

"ఎన్నిసార్లయినా చెప్తాను," అంది వెర్నా.