భానుమతి వేలు చూపించిన రోజు

“ఆ కెమెరాని కాస్త అటు తిప్పుతారా? పిల్లల్ని వదిలేసి నన్ను చూస్తోంది.”

మచిలీపట్నంలోని పిల్లల థెరపీ సెంటర్‌లో థెరపిస్టు జీవన్ కుమార్ హర్షిణితో అన్న మొదటి మాట అది.

“మిమ్మల్ని చూసి అది నేర్చుకునేదేం లేదండీ,” అంది హర్షిణి ట్యాబ్ సర్దుకుంటూ.

ఆమెది గుడివాడ. ఇంజనీరింగ్ చదివి ఒక పరిశోధన బృందంలో చేరింది. వాళ్ల యాప్ పసివాళ్లకు చిన్న వీడియో చూపిస్తుంది. అది చూస్తున్నప్పుడు వాళ్ల కళ్లు ఎటు తిరుగుతున్నాయో, పేరు పిలిస్తే తల తిప్పుతున్నారో లేదో కెమెరా గమనిస్తుంది. ఆటిజం లక్షణాలున్న పిల్లల్ని త్వరగా గుర్తించడం కోసం ఇదంతా. జీవన్ అదే పనిని ఆరేళ్లుగా నేల మీద కూర్చుని, పిల్లలతో ఆడుతూ చేస్తున్నాడు.

“అంటే ఇక మెషినే డాక్టరా?”

“కాదు. ఎవర్ని ముందు చూడాలో చెప్తుందంతే. తేల్చాల్సింది మీరూ, డాక్టరు గారూ.”

“మరి నేను ముందే చూసేస్తే?”

“అప్పుడు ఇద్దరిలో ఎవరు కరెక్టో నేను చూస్తాను.”

జీవన్ నవ్వు ఆపుకోలేకపోయాడు.

ఆగస్టులో దివిసీమలోని కోడూరులో క్యాంపు పెట్టారు. రెండేళ్లు దాటినా మాటలు రాని భానుమతిని వాళ్ల నాయనమ్మ రత్నం ఎత్తుకొచ్చింది. జీవన్ చక్కిలిగింతలు పెడితే పాప పకపకా నవ్వింది.

“భయం లేదమ్మా. మాటలు కాస్త ఆలస్యం, అంతే,” అన్నాడు.

ట్యాబ్ మాత్రం ఎర్ర గుర్తు చూపించింది.

“తప్పు చెప్తోంది. అంత బాగా నవ్వే పిల్ల,” అన్నాడు జీవన్.

“నవ్వింది. మీ మొహం చూసి నవ్విందా?”

అతనికి ఒళ్లు మండింది. విసురుగా బయటికి నడిచాడు. బయట జోరు వాన. రెండు నిమిషాల్లో తడిసి ముద్దయి వెనక్కొచ్చాడు. హర్షిణి తన పక్కన కుర్చీ జరిపింది.

ఇద్దరూ రికార్డింగ్ మళ్లీ చూశారు. తెర మీద ఒకవైపు ఒకావిడ నవ్వుతూ చప్పట్లు కొడుతోంది, మరోవైపు బొంగరం తిరుగుతోంది. భానుమతి కళ్లు బొంగరాన్ని వదల్లేదు. నాలుగుసార్లు పేరు పిలిచినా తల తిప్పలేదు.

“చెవులు బాగానే వినిపిస్తున్నాయా?” అడిగాడు జీవన్.

“పొద్దున్నే పరీక్ష చేశారు. బాగానే ఉన్నాయి.”

జీవన్ లేచి వెళ్లి రత్నం ముందు నేల మీద కూర్చున్నాడు.

“అమ్మా, ఇందాక నేను తొందరపడ్డాను. తప్పు నాదే. పాపకి సాయం అవసరమేమో చూడాలి. ఎంత త్వరగా మొదలెడితే అంత మంచిది.”

అందరిముందూ తన తప్పు ఒప్పుకున్న ఆ మనిషిని హర్షిణి రెప్పవేయకుండా చూసింది.

డాక్టరు గారు పరీక్షించి ఆటిజమేనని నిర్ధారించారు. అప్పట్నుంచి వారానికి రెండుసార్లు రత్నం మనవరాలితో బస్సెక్కి మచిలీపట్నం వచ్చేది. జీవన్ పాపని ఆడించేవాడు. పనేమీ లేకపోయినా హర్షిణి అక్కడే కూర్చునేది.

“డేటా కోసమా?”

“డేటా కోసమే.”

“ట్యాబ్ ఆఫ్‌లో ఉందండీ.”

ఆమె చెవులు ఎర్రబడ్డాయి.

ఫిబ్రవరిలో ప్రాజెక్టు ముగిసింది. ఆమె బెంగళూరు వెళ్లిపోవాలి. ఆ చివరి రోజున కిటికీ మీద ఒక పావురం వాలింది. భానుమతి దాన్ని చూసింది. దానివైపు వేలు చూపించి, జీవన్ కళ్లలోకి చూసింది. నువ్వూ చూడు అన్నట్టుగా.

అలా చూపించడం అదే మొదటిసారి. రత్నం మనవరాల్ని గుండెకి హత్తుకుంది. హర్షిణి ఆ ఆనందంలో జీవన్ చెయ్యి పట్టుకుంది. పట్టుకున్నట్టు తెలిశాక కూడా వదల్లేదు.

“మిమ్మల్ని వెళ్లొద్దనే హక్కు నాకు లేదు,” అన్నాడు జీవన్.

“లేదు.”

“ఒకటి అడగొచ్చా?”

“త్వరగా అడగండి. మూడింటికి బస్సు.”

“నన్ను పెళ్లి చేసుకుంటారా?”

“చేసుకుంటాను. ఇప్పుడు వెళ్లినా, దివిసీమ అంతా క్యాంపులు పెట్టడానికి మేలో తిరిగొస్తున్నాను. ఈలోగా మీరు మా నాన్నగారితో మాట్లాడండి. చర్చికెళ్లే అల్లుడంటే ముందు కోప్పడతారు. అమ్మ సర్దిచెప్తుంది.”

“మీ అమ్మగారికి తెలుసా?”

“నిన్ననే చెప్పేశాను.”

“నేను అడగకముందేనా?”

“ఆర్నెల్లు ఎదురుచూశానండీ. ఇంకెంతకాలం ఆగను?”

మూడింటి బస్సు వెళ్లిపోయింది. నాలుగింటిది కూడా వెళ్లిపోయింది.